షుగర్ ఉన్నవాళ్లు ఊరు దాటితే: గడియారం మారినప్పుడు మందు లెక్క ఏమవుతుంది?

ఎండాకాలం సెలవులు వచ్చాయంటే శంషాబాద్ ఎయిర్‌పోర్టులో అమెరికా వెళ్లే అమ్మానాన్నల సందడి మొదలవుతుంది, కూతురి డెలివరీకి కొందరు, కొడుకు గృహప్రవేశానికి కొందరు, పచ్చళ్ల సీసాలు చెక్-ఇన్‌లో, షుగర్ మందుల కవరు హ్యాండ్‌బ్యాగ్‌లో. బయల్దేరే వారం ముందు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒక ప్రశ్న వస్తుంది, "నాన్నగారి ఇన్సులిన్ అక్కడ ఎన్నింటికి వేయాలి?" అని. వెంటనే మూడు జవాబులు. పెద్దమ్మ "అక్కడి టైమే, రోమ్‌లో దిగితే రోమ్ టైమ్" అంటుంది, బాబాయ్ "ఇండియా టైమ్ అస్సలు మార్చొద్దు" అంటాడు, ఇంకెవరో "ప్రయాణం రోజు మందులన్నీ మానేయండి, దారిలో కళ్లు తిరిగితే ఎవరు చూస్తారు" అంటారు.

తమాషా ఏంటంటే ముగ్గురూ అబద్ధం చెప్పట్లేదు, ఎవరికి వాళ్లకి పనిచేసిందే చెప్తున్నారు. కాకపోతే ముగ్గురూ వాడేది మూడు వేరే వేరే మందులు, ఆ విషయం ఎవరూ అడగరు. ఐసీఎంఆర్ సర్వే 2023లో ఇచ్చిన లెక్క ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది, ఇంతమందికి ఒకే ప్రయాణం సలహా ఎలా సరిపోతుంది? టైమ్ జోన్, తిండి, ఎండ, సెక్యూరిటీ అన్నీ ఆ తర్వాత, ముందు తేలాల్సింది మీ చీటీలో ఏముందనేదే.

## ప్రయాణంలో షుగర్ ఎందుకు కుదురుగా ఉండదు

ఇంట్లో ఉన్నప్పుడు షుగర్ కంట్రోల్‌లో ఉందంటే మూడు విషయాలు ఒకదానికొకటి సర్దుకున్నాయని అర్థం: ఎప్పుడు మందు, ఎప్పుడు ఎంత తిండి, ఎంత కదలిక. పొద్దున్న వాకింగ్, 8కి టిఫిన్, ఒంటిగంటకి భోజనం, రాత్రి రెండు పుల్కాలు. డాక్టర్ రాసిన డోసు ఆ దినచర్యకి కుట్టిన డోసు. ప్రయాణం ఈ మూడింటినీ ఒకేసారి కదిలిస్తుంది.

పెరిగే కారణాలు కొన్ని ఉన్నాయి. పదహారు గంటలు సీట్లో కూర్చుంటే కండరాలకి పని లేదు, అవి రక్తంలోంచి గ్లూకోజ్ లాక్కోవు. నిద్ర లేకపోవడం, టెన్షన్, కనెక్షన్ ఫ్లైట్ దొరుకుతుందో లేదో అన్న కంగారు, వీటివల్ల కార్టిసాల్, అడ్రినలిన్ లాంటి హార్మోన్లు పెరుగుతాయి, అవి లివర్‌లో దాచుకున్న గ్లూకోజ్‌ని బయటికి వదిలిస్తాయి, కాబట్టి ఏమీ తినకపోయినా రీడింగ్ ఎక్కువ చూపించొచ్చు. ఇంకోటి నీళ్లు. మన దగ్గర బస్సు ప్రయాణం అంటే ఆడవాళ్లు ముందురోజు నుంచే నీళ్లు తగ్గించేస్తారు, దారిలో బాత్రూం ఎక్కడుంటుందో, ఎలా ఉంటుందో తెలీక. దీన్ని వాళ్ల తప్పుగా చెప్పే హెల్త్ ఆర్టికల్స్ చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, హైవేలో శుభ్రమైన బాత్రూం లేకపోవడం వాళ్ల తప్పా? కానీ శరీరానికి ఆ గొడవ తెలీదు, నీళ్లు తగ్గితే రక్తంలో గ్లూకోజ్ చిక్కబడుతుంది, షుగర్ ఎక్కువైతే మూత్రం ఎక్కువై ఇంకా నీళ్లు పోతాయి.

తగ్గే కారణాలు కూడా అదే రోజు ఉంటాయి. దుబాయ్‌లోనో దోహాలోనో ఒక గేటు నుంచి ఇంకో గేటుకి నడక, ఫ్లైట్ లేటై భోజనం లేటవడం, సామాన్లు మోయడం. అందుకే ఒకే మనిషికి ఒకే రోజులో 240 రావచ్చు, 65 కూడా రావచ్చు.

ఈ రెండూ సమానమైన ప్రమాదాలు కావు. టైప్ 2 ఉన్నాయనకి ఒకరోజు 220 ఉంటే దాహం, నీరసం, ఎక్కువసార్లు లేవడం, సాధారణంగా అంతవరకే. అదే 50కి పడిపోతే నిమిషాల్లో మాట తడబడుతుంది, స్పృహ పోవచ్చు. అందుకే చాలామంది డాక్టర్లు, ముఖ్యంగా పెద్దవయసు వాళ్లకి, ప్రయాణం రెండు రోజులు షుగర్ కొంచెం ఎక్కువున్నా పర్లేదు, తగ్గకుండా చూసుకుందాం అంటారు. దీనికి ఎదురు వాదన కూడా ఉంది: "ప్రయాణం కదా" అని వదిలేసింది అక్కడికెళ్లాక పార్టీలు, స్వీట్లతో మూడు వారాలు సాగుతుంది, ఆ లోపు మూత్రంలో ఇన్ఫెక్షనో, మానని పుండో వస్తుందని. రెండూ నిజమే, ఒకటి ప్రయాణం రోజు గురించి, ఇంకోటి ఆ తర్వాత రోజుల గురించి. ఇక టైప్ 1 వాళ్లకి మొదటి వెసులుబాటు వర్తించదు, వాళ్ల శరీరంలో ఇన్సులిన్ దాదాపు తయారవదు కాబట్టి బేసల్ డోసు, అంటే రోజంతా సన్నగా పనిచేసే ఇన్సులిన్, ఆగితే గంటల్లోనే కీటోన్లు (కొవ్వు కరిగి రక్తాన్ని ఆమ్లంగా మార్చే పదార్థాలు) పేరుకోవడం మొదలవుతుంది. "ప్రయాణం రోజు మందులు మానేయండి" అన్న సలహా వాళ్ల ప్రాణం మీదకి తెస్తుంది.

## మీ స్ట్రిప్ వెనక చిన్నక్షరాల్లో ఏముంది

షుగర్ మాత్రలన్నీ ఒకటి కాదు. ప్రయాణం దృష్టితో చూస్తే వాటిని ఒకే ప్రశ్నతో విడగొట్టొచ్చు: తినకపోయినా ఈ మందు షుగర్‌ని కిందకి లాగుతుందా?

మెట్‌ఫార్మిన్ ఒంటరిగా అలా లాగదు. గ్లిప్టిన్లు, అంటే సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్, ఇవి కూడా షుగర్ పెరిగినప్పుడే ఎక్కువ పనిచేస్తాయి కాబట్టి ఒంటరిగా లో షుగర్ తెప్పించడం అరుదు. ఇవి మాత్రమే వాడేవాళ్లు నాలుగు గంటలు ముందో వెనకో వేసుకుంటే పెద్ద తేడా రాదు, కొత్త ఊరి టైమ్ ప్రకారం భోజనంతో వేసుకుంటే సరిపోతుంది. పెద్దమ్మ సలహా పనిచేసింది ఇందుకే.

గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ కథ వేరు. ఇవి పాంక్రియాస్‌ని పట్టుకుని ఇన్సులిన్ పిండిస్తాయి, మీరు తిన్నారా లేదా అనేది వీటికి అనవసరం. మాత్ర వేసుకున్నాక ఫ్లైట్ రెండు గంటలు లేటైతే, బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే, షుగర్ పడిపోతుంది. మనకి గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిపిన మాత్ర చాలా ఎక్కువ వాడతారు, చాలామంది దాన్ని "మామూలు షుగర్ గోళీ" అనుకుంటారు, పైన పెద్దగా రాసిన బ్రాండ్ పేరే గుర్తుంటుంది గానీ వెనక ఏ మందులున్నాయో చూడరు.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి గ్లూకోజ్‌ని మూత్రంలో పంపించేస్తాయి. లో షుగర్ భయం తక్కువ, కానీ ఎక్కువసార్లు బాత్రూంకి లేవాలి, నీళ్లు ఎక్కువ పోతాయి. ప్రయాణంలో వాంతులు, విరేచనాలు పట్టుకుంటే లేదా అసలేమీ తినలేకపోతే ఈ మందు ఆపమని డాక్టర్లు చెప్తారు, ఎందుకంటే అలాంటప్పుడు రీడింగ్ పెద్దగా పెరగకుండానే కీటోన్లు పేరుకునే అవకాశం ఉంది. మీటర్‌లో 170 చూసి "బాగానే ఉంది కదా" అనుకుని కూర్చుంటే లోపల జరిగేది తెలీదు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం ఉంటే 170 అయినా ఆస్పత్రికి వెళ్లాల్సిన కేసే.

ఇక ఇన్సులిన్. అందులో బేసల్ అంటే రోజంతా సన్నగా పనిచేసేది, గ్లార్జిన్ లాంటిది, తిండితో పెద్దగా సంబంధం లేదు. బోలస్ అంటే భోజనానికి ముందు వేసుకునే త్వరగా పనిచేసేది. ప్రీమిక్స్ అంటే రెండూ కలిపింది, మన దగ్గర 30/70 అని పొద్దున, రాత్రి రెండుపూటలా వేసుకుంటారే అది.

## హైదరాబాద్ నుంచి డాలస్: ఒక లెక్క వేసి చూద్దాం

ఒక నాన్నగారు రోజూ రాత్రి 9కి 20 యూనిట్ల గ్లార్జిన్ వేసుకుంటారు అనుకుందాం. జూన్ 1 పొద్దున 10కి హైదరాబాద్‌లో ఎక్కారు. నాలుగు గంటల్లో దుబాయ్, అక్కడ మూడు గంటలు ఆగి, తర్వాత పదహారు గంటలు ప్రయాణం. మొత్తం 23 గంటలు. ఎండాకాలంలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది కాబట్టి ఆయన దిగేసరికి ఇక్కడ జూన్ 2 పొద్దున 9, అక్కడ ఇంకా జూన్ 1 రాత్రి 10:30. శరీరానికి 23 గంటలు గడిచాయి, గోడ గడియారానికి పన్నెండున్నరే.

ఇప్పుడు ఇన్సులిన్. ఇండియా టైమ్ రాత్రి 9 అయ్యేసరికి ఆయన దుబాయ్ దాటి నాలుగు గంటలైంది, విమానంలోనే 20 యూనిట్లు వేసుకున్నారు. అప్పుడు డాలస్‌లో పొద్దున 10:30. ఆ డోసు దాదాపు 24 గంటలు ఉంటుంది, అంటే డాలస్ టైమ్‌లో జూన్ 2 పొద్దున 10:30 దాకా. కానీ ఆయన ఇల్లు చేరేసరికి బయట చీకటి, అందరూ పడుకునే టైమ్, "రాత్రి ఇంజెక్షన్ టైమ్ అయింది కదా" అని మళ్లీ 20 వేసుకున్నారంటే? మొదటి డోసుకి ఇంకా పదకొండు పన్నెండు గంటల పని మిగిలే ఉంది. తెల్లారేదాకా 40 యూనిట్ల ప్రభావం, అలిసిపోయి సరిగ్గా తినకుండా పడుకున్న మనిషి మీద. గోడ గడియారాన్ని గుడ్డిగా నమ్మితే వచ్చే ప్రమాదం ఇది, పెద్దమ్మ సలహా ఇక్కడ పనికిరాదు.

మరి సరైన పద్ధతేంటి? డాక్టర్లలోనే మూడు రకాలున్నారు. మొదటివాళ్లు ఇండియా టైమ్‌నే పట్టుకోమంటారు, అంటే డాలస్‌లో ఉన్నన్నాళ్లూ రోజూ పొద్దున 10:30కి. లెక్కలేమీ అక్కర్లేదు, తిరిగొచ్చేటప్పుడు కూడా అదే. రెండు మూడు వారాల ట్రిప్పుకి ఇది హాయి, బాబాయ్ చెప్పింది ఇదే. కానీ ప్రతి ఊరికీ ఇలా కుదరదు, కొన్ని చోట్ల ఇండియా రాత్రి 9 అంటే అక్కడ నట్టనడి మధ్యాహ్నం, బయట తిరిగే టైమ్ అవుతుంది. రెండోవాళ్లు రోజుకి రెండు గంటల చొప్పున జరపమంటారు, 10:30 నుంచి రాత్రి 9కి రావడానికి ఐదారు రోజులు పడుతుంది, ఆరు నెలలు ఉండేవాళ్లకి ఇది బాగుంటుంది గానీ ఏ రోజు ఎన్నింటికో రాసుకోకపోతే గందరగోళమే. మూడోవాళ్లు ఒక రోజు డోసుని రెండుగా విడగొట్టి మధ్య గ్యాప్ పూడ్చమంటారు, ఎన్ని యూనిట్లు అప్పుడు, ఎన్ని ఇప్పుడు అనేది మనిషిని బట్టి డాక్టరే చెప్పాలి. మన ఇళ్లల్లో మూడో పద్ధతి పెద్దవాళ్లకి చెప్పి పంపితే కన్ఫ్యూజన్ ఎక్కువ, సింపుల్‌గా ఉన్నదే బెస్ట్ అని నా అభిప్రాయం.

పడమరకి వెళ్తే రోజు పొడుగవుతుంది, దారిలో వేసుకోకుండా అక్కడి టైమ్ దాకా ఆగితే ఇన్సులిన్ చాలకపోవడం సమస్య. తూర్పుకి వస్తే రోజు కురచ అవుతుంది, డోసులు ఒకదాని మీద ఒకటి పడటం సమస్య. డాలస్ నుంచి తిరిగొచ్చేటప్పుడు ఒక రాత్రి 9కి, మరుసటి రాత్రి ఇక్కడి 9కి మధ్య నిజంగా గడిచేది పదమూడున్నర గంటలే. కాబట్టి రాత్రి 9కి జరుపుకున్నవాళ్లకి అసలు జాగ్రత్త వెళ్లేటప్పటికంటే వచ్చేటప్పుడే ఎక్కువ, ఎవరూ చెప్పనిది కూడా ఇదే. దుబాయ్‌కి గంటన్నర, సింగపూర్‌కి రెండున్నర గంటల తేడా, వీటికి ఇంత తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

## రెండుపూటలా 30/70 వేసుకునే అమ్మగారి సంగతి

ప్రీమిక్స్‌కి ఇండియా టైమ్, అమెరికా టైమ్ రెండూ పట్టవు, దానికి కావాల్సింది ఎదురుగా పళ్లెం. ఇందులో 30 శాతం త్వరగా పనిచేసే భాగం, అది భోజనాన్ని వెతుక్కుంటుంది, తక్కిన 70 శాతం ఇంకో పది పన్నెండు గంటలు సాగుతుంది. కాబట్టి రెండు షరతులు: ఎదురుగా పూర్తి భోజనం ఉండాలి, ముందు డోసుకి ఇప్పటికి సుమారు పది గంటలైనా గడిచి ఉండాలి.

అదే ఫ్లైట్‌లో అమ్మగారు ఉన్నారు, పొద్దున 16, రాత్రి 12 యూనిట్లు. ఇండియా టైమ్ పొద్దున 8కి టిఫిన్‌తో 16 వేసుకున్నారు. రాత్రి 8కి విమానంలో భోజనంతో 12. డాలస్ చేరి ఇంటికెళ్లేసరికి ఆ డోసుకి పద్నాలుగు గంటలు దాటింది, కూతురు పప్పు, వేపుడు, పెరుగన్నం సిద్ధం చేసి ఉంచింది. కడుపునిండా తింటే రాత్రి డోసు వేసుకునే లెక్క సరిపోతుంది, ఆకలి లేదని రెండు ముద్దలే తింటే అంతా వేసుకోకూడదు, ఎంత తగ్గించాలో బయల్దేరకముందే డాక్టర్ దగ్గర రాయించుకోవాలి. మర్నాడు పొద్దున 10కి టిఫిన్‌తో మామూలు డోసు, లైను కుదురుకుంది. మధ్యలో విమానంలో ఇచ్చే సాండ్‌విచ్‌కి, బిస్కెట్లకి ఇంజెక్షన్ లేదు.

ఒక చిన్న విషయం చాలామందిని దెబ్బతీస్తుంది. ఇంట్లో అరగంట ముందు వేసుకునే అలవాటు కాబట్టి విమానంలో కూడా ట్రాలీ కనపడగానే వేసేసుకుంటారు. ఈలోపు కుదుపులు మొదలవుతాయి, సర్వీస్ ఆపేస్తారు, ట్రాలీ వెనక్కి పోతుంది. ఇన్సులిన్ లోపల, భోజనం బయట. ట్రే చేతికొచ్చాక వేసుకుంటే షుగర్ కాస్త పెరుగుతుందేమో గానీ ఈ గొడవ ఉండదు.

డయాబెటిక్ మీల్ అని ముందే బుక్ చేసుకోవచ్చు, సాధారణంగా 24 గంటల ముందు చెప్పాలి. అందులో చక్కెర, కొవ్వు తక్కువ, అంతేగానీ అన్నం, బ్రెడ్, పండ్లు ఉండొచ్చు, కార్బోహైడ్రేట్ లేని భోజనం కాదు. పైగా చాలా ఎయిర్‌లైన్స్‌లో ఒకరికి ఒకే స్పెషల్ మీల్ కోడ్, అది తీసుకుంటే మన ఇండియన్ వెజ్ భోజనం రాదు, ఏమొస్తుందో తెలీక సగం వదిలేస్తారు. ఇన్సులిన్ వేసుకున్నాక సగం వదిలేయడం కంటే తెలిసిన భోజనం తిని స్వీటు పక్కన పెట్టడం మేలని కొందరు డైటీషియన్లు అనేది అందుకే.

## ఇన్సులిన్‌కి ఎండ, చలి: ఏది ఎక్కువ ప్రమాదం

తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య, వాడుతున్నది 25 లేదా 30 డిగ్రీల లోపు, చాలా రకాలకి 28 రోజుల వరకు, ఇది కంపెనీ కరపత్రం మాట. రెంటచింతలలోనో రామగుండంలోనో మేలో బతికేవాళ్లకి 30 డిగ్రీల "గది ఉష్ణోగ్రత" చదివితే నవ్వొస్తుంది.

నిజంగా అంత సున్నితమా అని పరీక్షించినవాళ్లున్నారు. ఎంఎస్ఎఫ్ (డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్) సంస్థ, జెనీవా యూనివర్సిటీ కలిసి కెన్యాలో శరణార్థుల శిబిరం పరిస్థితుల్ని లెక్కలోకి తీసుకుని, రోజులో 25 నుంచి 37 డిగ్రీల మధ్య ఊగే వేడిలో నాలుగు వారాలు ఉంచిన ఇన్సులిన్‌ని పరీక్షించాయి, ఫ్రిజ్‌లో పెట్టినదానికీ దీనికీ శక్తిలో తేడా లేదని 2021లో ప్రచురించాయి. 2023లో వచ్చిన కాక్రేన్ సమీక్ష (పాత పరిశోధనలన్నీ కలిపి తూచి చూసేది) కూడా తెరవని హ్యూమన్ ఇన్సులిన్, అంటే రెగ్యులర్, 30/70 లాంటి పాత రకం, 25 డిగ్రీల వరకు ఆరు నెలలు, 37 డిగ్రీల వరకు రెండు నెలలు చెప్పుకోదగ్గ నష్టం లేకుండా ఉండొచ్చంది. దీన్ని పట్టుకుని "ఫ్రిజ్ అక్కర్లేదు" అనేయడం తొందరపాటు, ఆ మాట హ్యూమన్ ఇన్సులిన్ గురించి, అన్ని రకాలకీ కాదు, పైగా 37 డిగ్రీలు వేరు, ఎండలో పార్క్ చేసిన కారు వేరు. మూసిన కారు లోపల 50 డిగ్రీలు దాటడం మనకి మామూలు, డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే ఏ పరిశోధనా కాపాడదు. కానీ రైలు ఎనిమిది గంటలు లేటై ఐస్ కరిగిపోయిందని మందు పారేసి డోసు మానేయడం కూడా తప్పే, ఆ వేడికే మందు చచ్చిపోదు. వేడికి పాడైన ఇన్సులిన్ మెల్లగా శక్తి కోల్పోతుంది, అదే డోసు వేస్తున్నా రోజురోజుకీ రీడింగ్ ఎక్కుతుంటే కొత్తది తెరవాలి.

చలి విషయంలో మాత్రం వాదన లేదు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు, కరిగాక మామూలుగా కనిపించినా సరే. మనవాళ్లు చేసే పని ఐస్ ముక్కల మీద నేరుగా పెన్నులు పెట్టడం, హోటల్ ఫ్రిజ్‌లో ఫ్రీజర్ పక్కన పెట్టడం, చెక్-ఇన్ బ్యాగ్‌లో వేయడం. చెక్-ఇన్‌తో ఇంకో తలనొప్పి, బ్యాగ్ వేరే ఊరు వెళ్లిపోతే మందూ పోయినట్టే. కేదార్‌నాథ్, అమర్‌నాథ్ వెళ్లేవాళ్లు పెన్ను బయటి జేబులో పెట్టుకునే బదులు లోపలి చొక్కా జేబులో ఒంటి వేడికి ఉంచుకోవాలి, మీటర్ కూడా అంతే, మరీ చలిలో స్ట్రిప్పులు తప్పు చూపిస్తాయి లేదా ఎర్రర్ ఇస్తాయి.

నీళ్లలో తడిపి వాడే కూలింగ్ పౌచ్‌లు వస్తున్నాయి, మట్టి కుండ పద్ధతే అది, తడి ఆరేటప్పుడు చల్లబడుతుంది. అందుకే అనంతపురం, హైదరాబాద్ లాంటి పొడి ఎండలో బాగా పనిచేస్తుంది, కాకినాడ, విశాఖ ఉక్కపోతలో తడి ఆరదు కాబట్టి అంతగా చల్లబడదు.

## సెక్యూరిటీ దగ్గర

భయపడినంత ఉండదు. 100 ఎంఎల్ ద్రవాల రూలు మందులకి వర్తించదు, అమెరికాలో టీఎస్ఏ (ఎయిర్‌పోర్టు తనిఖీలు చేసే సంస్థ) ఇన్సులిన్, సూదులు, జెల్ ప్యాక్‌లు అన్నీ అనుమతిస్తుంది, స్క్రీనింగ్ ముందే చెప్పమంటుంది. మందుల పేర్లున్న ప్రిస్క్రిప్షన్, అసలు డబ్బాలు ఉంటే మన దగ్గర కూడా సాధారణంగా ఇబ్బంది రాదు. పాస్‌పోర్టులో పేరూ ప్రిస్క్రిప్షన్‌లో పేరూ ఒకేలా ఉండాలి, ఇంటిపేరు ముందో వెనకో తేడా వచ్చి ప్రశ్నలు పడేది మన తెలుగువాళ్లకే. చేతికి షుగర్ చూపించే సెన్సర్, నడుముకి ఇన్సులిన్ పంప్ ఉన్నవాళ్లు మెటల్ డిటెక్టర్‌లో నడవొచ్చు, ఫుల్ బాడీ స్కానర్, ఎక్స్‌రే బెల్టు విషయంలో మాత్రం ఒక్కో మోడల్‌కి ఒక్కో నిబంధన, కంపెనీ మాన్యువల్ చూడాలి, అనుమానం ఉంటే చేత్తో తనిఖీ అడగొచ్చు.

## 20 యూనిట్లు 50 ఎలా అవుతాయి

ఇది తెలియక జరిగే తప్పుల్లో చాలా ప్రమాదకరమైనది. మన దగ్గర దొరికే ఇన్సులిన్ సీసాల్లో ఎక్కువ భాగం ఒక ఎంఎల్‌కి 40 యూనిట్లవి, వాటికి ఎర్ర మూత సిరంజి. పెన్ను కార్ట్రిడ్జ్‌లు ఒక ఎంఎల్‌కి 100 యూనిట్లు. అమెరికాలో సీసా కొన్నా 100 యూనిట్లదే వస్తుంది, దానికి నారింజ మూత సిరంజి.

ఇక్కడి నుంచి తీసుకెళ్లిన సీసా పగిలింది, అక్కడ సీసా కొన్నారు, సిరంజి మాత్రం ఇక్కడిదే. రోజూలాగే 20 గీత దాకా లాగారు. 40 సిరంజిలో 20 గీత అంటే అర ఎంఎల్. అక్కడి మందులో అర ఎంఎల్ అంటే 50 యూనిట్లు. రెండున్నర రెట్లు! తిరగేస్తే, అక్కడి సిరంజితో ఇక్కడి సీసా నుంచి 20 గీత లాగితే 0.2 ఎంఎల్, అందులో ఉండేది 8 యూనిట్లే. పెన్ను పాడైందని కార్ట్రిడ్జ్‌లోంచి ఎర్ర మూత సిరంజితో లాగినా మొదటి ప్రమాదమే.

ఎన్ని తీసుకెళ్లాలన్న లెక్కలో కూడా ఒకటి మర్చిపోతారు. అమ్మగారికి రోజుకి 28 యూనిట్లు, 90 రోజులకి 2,520, కార్ట్రిడ్జ్‌కి 300 చొప్పున తొమ్మిది చాలనుకుంటారు. కానీ ప్రతిసారీ గాలి తీయడానికి రెండు యూనిట్లు బయటికి వదులుతాం కదా, రోజుకి 32, మొత్తం 2,880, అంటే పది. ఒకటి పగిలితే, వేడికి పాడైతే అనుకుని ఇంకో రెండు.

మీటర్ల అంకెలు కూడా దేశాన్ని బట్టి మారతాయి. అమెరికాలో మనలాగే 120, 180 అని చూపిస్తాయి, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాల్లో కొన్న మీటర్ 7.2 అంటుంది. దాన్ని 18తో గుణిస్తే మన అంకె, 7.2 అంటే సుమారు 130. మెల్‌బోర్న్ నుంచి అమ్మ "నా షుగర్ 5.5 అంట" అని ఏడుస్తూ ఫోన్ చేస్తే కంగారు పడక్కర్లేదు, అది 99.

## అలిపిరి మెట్ల దగ్గర జరిగేది

దూరదేశాలే ప్రయాణం కాదు. అలిపిరి నుంచి తిరుమలకి 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. ఒకాయన పొద్దున 6కి రెండు ఇడ్లీలు తిని గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుని ఎక్కడం మొదలెట్టారు, దర్శనం అయ్యేదాకా ఏమీ తినకూడదని మొక్కు. మాత్ర రెండు మూడు గంటల్లో బలంగా పనిచేస్తుంది, సరిగ్గా అప్పుడే కాళ్ల కండరాలు ఇన్సులిన్ సాయం లేకుండానే గ్లూకోజ్ లాగేస్తున్నాయి, ఇడ్లీలు ఎప్పుడో అయిపోయాయి. చెమటలు, వణుకు, గుండెదడ, చిరాకు. మెట్లెక్కేవాళ్లందరికీ చెమటలు పడతాయి కాబట్టి పక్కవాళ్లు "అలసట, కాసేపు కూర్చో" అంటారు. బీపీకి అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటివి వాడుతుంటే వణుకు, దడ తెలియకపోవచ్చు, చెమట ఒక్కటే మిగులుతుంది.

మీటర్‌లో 70 కంటే తక్కువుంటే లో షుగర్, 54 కంటే తక్కువైతే ఆలస్యం పనికిరాదు. 15 గ్రాముల చక్కెర లేదా గ్లూకోజ్, అంటే మూడు చిన్న చెంచాలు, నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలాగి మళ్లీ చూడటం, ఇంకా తక్కువుంటే మళ్లీ అంతే, పెరిగాక ఏదైనా తినడం. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. లడ్డూ ఉందిగా అంటారు, తీపే కానీ నెయ్యి వల్ల అరుగుదల నెమ్మది, చాక్లెట్‌దీ అదే కథ, అత్యవసరానికి పనికిరావు.

ఇంకో మెలిక మన దగ్గరే ఎక్కువ: వోగ్లిబోస్. మూడు మందులు కలిపిన మాత్రల్లో తరచూ ఉంటుంది, బ్రాండ్ పేరు చివర వీ అక్షరం కనిపిస్తే చాలావరకు అదే. ఇది పేగుల్లో చక్కెర విడిపోకుండా అడ్డుకుంటుంది, అదే దాని పని. అది వాడే మనిషికి షుగర్ పడిపోయినప్పుడు పంచదార నీళ్లు పడితే త్వరగా రక్తంలోకి చేరదు. వాళ్లకి గ్లూకోజ్ పొడే కావాలి, అది విడిపోనక్కర్లేదు కాబట్టి నేరుగా ఎక్కుతుంది. జేబులో చక్కెర పొట్లం పెట్టుకున్నాం కదా అని ధీమాగా ఉండేవాళ్లు స్ట్రిప్ తిప్పి చూడాల్సింది ఇందుకే.

ఆ పొద్దున మాత్ర మానేయాలా అంటే డాక్టర్లు రెండు రకాలు. కొందరు గ్లిమెపిరైడ్ సగం చేయమనో, ఆ పూట ఆపమనో అంటారు. ఇంకొందరు మాత్ర అలాగే ఉంచి గంటకోసారి అరటిపండు లాంటిది తినమంటారు. మొక్కు ఉన్నవాళ్లకి రెండోది కుదరదు కాబట్టి మొక్కు సంగతి డాక్టర్‌కి ముందే చెప్పాలి, సిగ్గుపడి చెప్పకపోతే ఆయన రెండోదే రాస్తారు. మెట్లెక్కిన రాత్రి కూడా కండరాలు గ్లూకోజ్ నింపుకుంటూనే ఉంటాయి, ఇన్సులిన్ వేసుకునేవాళ్లకి ఆ రాత్రి పడుకునే ముందు ఒక రీడింగ్ అవసరం.

చెప్పుల్లేని నడక ఇంకో పెద్ద విషయం. నరాలు దెబ్బతిన్న పాదానికి కాలిందనీ తెలీదు, గుచ్చుకుందనీ తెలీదు, మధ్యాహ్నం బండ మీద నడిచిన బొబ్బ రూంకి వచ్చాక ఇంకెవరో చూసి చెప్తారు. భక్తిని ప్రశ్నించక్కర్లేదు, కొందరు మందం సాక్సులతో, తెల్లవారుజామున ఎక్కి ఆ బండల వేడి తప్పించుకుంటారు. రాత్రి పాదాల అడుగు భాగం ఫోన్ కెమెరాతో ఫొటో తీసి చూసుకుంటే వంగలేనివాళ్లకి కూడా కనిపిస్తుంది.

## మందు అయిపోతే అక్కడ దొరకదా?

చాలామటుకు దొరకదు, డబ్బు సమస్య ఒక్కటే కాదు. గ్లిక్లజైడ్, విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్, వోగ్లిబోస్, మనకి వీధి చివర మెడికల్ షాపులో దొరికే ఈ నాలుగింటికీ అమెరికాలో అనుమతే లేదు. మన డాక్టర్ చీటీ అక్కడి ఫార్మసీలో చెల్లదు. రెగ్యులర్, ఎన్‌పీహెచ్, 70/30 (మన 30/70నే అక్కడ ఇలా తిరగేసి రాస్తారు) లాంటి పాత రకం హ్యూమన్ ఇన్సులిన్ మాత్రం చాలా రాష్ట్రాల్లో చీటీ లేకుండా ఇస్తారు, వాల్‌మార్ట్‌లో సీసా సుమారు 25 డాలర్లు, కానీ గ్లార్జిన్ బదులు దాన్ని అదే డోసులో వేసుకోవడం కుదరదు. వ్యక్తిగత వాడకానికి సుమారు 90 రోజుల మందు తెచ్చుకోవడం అక్కడ మామూలుగా ఒప్పుకునే లెక్క, ఆరు నెలలు ఉండేవాళ్లు రెండో విడత సంగతి ముందే ఆలోచించుకోవాలి.

గల్ఫ్ వెళ్లేవాళ్లకి ఇంకోటి. కాళ్ల మంటలకి, తిమ్మిర్లకి ఇచ్చే ప్రీగాబాలిన్ యూఏఈలో కంట్రోల్డ్ డ్రగ్, ముందస్తు అనుమతి తీసుకోవాలి. షుగర్ మాత్రల మధ్య అది కూడా ఒకటి అనుకుని పెట్టుకుంటాం, వాళ్లకి మాత్రం అది వేరే లిస్టులో ఉంటుంది.

ఇన్సూరెన్స్‌లో "ముందే ఉన్న జబ్బు" అన్న మాట దగ్గర అందరూ ఆగిపోతారు. అమెరికా విజిటర్ ప్లాన్లలో చాలావాటికి షుగర్ మందులు, రెగ్యులర్ చెకప్ కవర్ కావు. కొన్నిట్లో అక్యూట్ ఆన్‌సెట్ అనే క్లాజ్ ఉంటుంది, పాత జబ్బు ముందస్తు లక్షణం లేకుండా హఠాత్తుగా తిరగబడి, సాధారణంగా 24 గంటల్లోపు చికిత్సకి వెళ్తే ఒక పరిమితి దాకా ఇస్తారు, వయసు పెరిగేకొద్దీ ఆ పరిమితి తగ్గుతుంది లేదా పూర్తిగా పోతుంది. మూడు రోజులుగా 350 ఉండి, "తగ్గుతుందిలే" అని ఆగి నాలుగోరోజు ఎమర్జెన్సీకి వెళ్తే అది హఠాత్తు కాదని కంపెనీ వాదించొచ్చు, మీటర్ మెమరీలో ఆ మూడు రోజుల రీడింగులూ ఉంటాయి మరి. ఎక్కువ ప్రీమియం కట్టి విస్తృతమైన కవర్ తీసుకోవాలా, తక్కువలో ఈ క్లాజ్‌తో సరిపెట్టాలా అనేది ఉండే రోజులు, వయసు, కిడ్నీ, గుండె పరిస్థితిని బట్టి తేలుతుంది, అరవై ఏళ్లకి మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకీ, డెబ్బై రెండేళ్లకి ఇన్సులిన్‌తో స్టెంట్ కూడా ఉన్నవాళ్లకీ ఒకే ప్లాన్ పంపించే ఏజెంట్‌ని ఈ క్లాజ్ చదివి వినిపించమంటే చాలు.